చెంచాడు బావి నీళ్ళు

మా ఆయన నా మాట చెవిన పెట్టరని పెళ్ళయిన దగ్గర్నుంచీ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను. మా అమ్మకి చెప్పాను, పక్కింటావిడకి చెప్పాను, ఒకసారి కుక్కరు బాగుచేయడానికి వచ్చిన మనిషికి కూడా చెప్పాను. పాపం అతను నట్టు బిగించడం ఆపి మరీ విన్నాడు. అది ఉత్త నింద అని ఈ మధ్యే తేలింది. మా ఆయన విన్నారు. అన్నీ కాదు, ఒక్క విషయం. దాన్ని మాత్రం చాలా శ్రద్ధగా విని, భద్రంగా దాచుకుని, పని పడినప్పుడు తీసి వాడుకున్నారు.

మా ఇంట్లో రెండు రకాల నీళ్ళుంటాయి. వంటింట్లోకి కుళాయి వస్తుంది. పెరట్లో బావి ఉంది. వంటకీ, మా ఇద్దరికీ కుళాయి నీళ్ళు. అత్తగారికి మాత్రం బావి నీళ్ళే కావాలి. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆవిడ వేరే నీళ్ళు గొంతు దించలేదు. "కుళాయి నీళ్ళు తాగితే ఇనప గొట్టాన్ని నాకినట్టుంటుందమ్మాయ్" అంటారు. రోజూ పొద్దున్నే జగ్గు నిండా బావి నీళ్ళు ఆవిడ మంచం పక్కన స్టూలు మీద పెట్టాలి. కాఫీ ఆలస్యమైతే ఊరుకుంటారు గానీ జగ్గు ఆలస్యమైతే ఊరుకోరు.

పెరటి గోడ అవతల మా షెడ్డు. మామగారు పెట్టింది. బోల్టులకీ నట్లకీ తుప్పు పట్టకుండా లోహపు పూత వేస్తారు అందులో. వరసగా తొట్టెలు, తొట్టెల నిండా ఘాటు వాసన. రాగి తొట్టి నీలంగా ఉంటుంది. కాడ్మియం తొట్టికి రంగేమీ ఉండదు, కానీ అందులో మునిగి, ఆపైన ఇంకో తొట్టి కూడా దాటి వచ్చిన బోల్టు పచ్చగా, ఇంద్రధనుస్సు పూసినట్టు మెరుస్తుంది. నా గాజులకంటే అవే బాగుంటాయి. పూత వేశాక వాటిని నీళ్ళలో కడుగుతారు. ఆ కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయని కొత్తలో అడిగాను. "పోతాయి" అన్నారు మా ఆయన. ఆ తర్వాత అడిగినప్పుడు కూడా అదే జవాబు. అడ్రసు మాత్రం చెప్పలేదు.

షెడ్డులో తొట్టెల పని మా మరిదిది, మాటల పని మా ఆయనది. సరుకు ఇచ్చేవాళ్ళతో, తీసుకునేవాళ్ళతో, తనిఖీకి వచ్చేవాళ్ళతో రోజంతా మాట్లాడి మాట్లాడి, ఇంటికి చేరేసరికి ఆయన దగ్గర మాటలు అయిపోయేవి. షెడ్డు తాళాలు మాత్రం ఇద్దరివీ కావు. మామగారు పోయినప్పటి నుంచీ అవి అత్తగారి తలగడ కిందే ఉంటాయి. పొద్దున మరిది వచ్చి చెయ్యి చాచాలి, సాయంత్రం తెచ్చి అప్పజెప్పాలి. నలభై దాటిన కొడుకు బడిపిల్లాడిలా నిలబడటం చూసి నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని.

ఇక నాకంటూ ఉన్నది ఒక గాజు సీసా. నేను మైక్రోబయాలజీ చదివాను. ఆ పట్టా బీరువాలో పాత దుప్పట్ల కింద కలరా ఉండల వాసన పీలుస్తూ ఉంది. చదువులో మిగిలిందల్లా ఈ సీసా. అందులో పిండీ నీళ్ళూ కలిపి పెంచుకుంటున్న ఈస్టు ఉంటుంది. రోజూ గుప్పెడు పిండి వేసి, కాసిని నీళ్ళు పోస్తే, మధ్యాహ్నానికి బుసబుసా పొంగి మూతని తోస్తుంది. దాంతో బ్రెడ్డు చేస్తాను. అత్తగారు దానికి 'సీసా పిల్ల' అని పేరు పెట్టారు.

"సీసా పిల్లకి తిండి పెట్టావా? నాకు పెట్టడం మరిచిపోయినా దానికి మరవవుగా."

"అది మీలాగా వంకలు పెట్టదు అత్తయ్యా."

"నోరు లేదు కాబట్టి. ఉంటే తెలిసేది నీ వంట సంగతి."

అత్తగారి పాదాలు వాచడం మొదలైంది. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, మూత్రపిండాలు అలిసిపోయాయని చెప్పింది. ఏం తింటారు, ఏం తాగుతారు అని అడిగింది. బావి సంగతి, బావి పక్కన షెడ్డు సంగతి నేనే చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. "ముందు ఆ నీళ్ళు ఆపండి. లోహాలు ఒంట్లో చేరితే మొదట దెబ్బ తినేది ఇవే" అంది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అత్తగారు కొట్టిపారేశారు. "నా బావికి రోగమేంటి? అద్దంలా ఉంటాయి నీళ్ళు."

"ల్యాబుకి పంపిద్దాం అత్తయ్యా."

మా ఆయన వెంటనే అందుకున్నారు. "ల్యాబువాళ్ళు ఊరికే ఉండరు. ముందు షెడ్డుకొస్తారు, ఆ తర్వాతే బావికి."

"కాగితాలు నాకొద్దు" అన్నారు అత్తగారు. "కాగితం మీద ఎవరికి కావలసింది వాళ్ళు రాసుకుంటారు. చదువుకున్నావు కదా, నా కళ్ళముందు చూపించు."

సరే అన్నాను. రెండు గ్లాసులు తీసుకున్నాను. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో బావి నీళ్ళు. రెండూ గోరువెచ్చగా కాచినవే. చెరో చెంచా పంచదార, చెరో చెంచా సీసా పిల్ల. భోజనాల బల్ల మీద పెట్టి, అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ క్రికెట్ మ్యాచ్ చూస్తున్నట్టు కదలకుండా చూశారు. కాసేపటికి కుళాయి గ్లాసులో నురుగు లేచింది. బావి గ్లాసు అడుగున పిండి చల్లగా పడుకుంది. ఇంకాసేపు చూశాం. లేవలేదు.

"నిద్రపోయిందేమో" అన్నారు అత్తగారు.

"లోహం తగిలితే అది ముందు చేసే పని అదే. ఉన్న పనులన్నీ ఆపేసి ప్రాణం కాపాడుకుంటుంది. మోతాదు ఎక్కువైతే ఇక లేవదు."

ఆవిడ ఆ గ్లాసు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. ఆ సాయంత్రం మరిది తెచ్చిచ్చిన తాళాలు తలగడ కింద పెట్టకుండా కొంగున కట్టుకున్నారు. అప్పుడే కొడుకులిద్దరినీ పిలిచారు.

"మీకు గడువిస్తున్నా. కడిగిన నీళ్ళు బావిలోకి రాకుండా ఏం చేస్తారో చెయ్యండి. ఈ పిల్ల ఆ నీళ్ళలో పొంగిన రోజున తాళాలు మీకే ఇచ్చేస్తా, ఇక నా దగ్గర చెయ్యి చాచక్కర్లేదు. పొంగకపోతే షెడ్డు మూతే."

మరిది నన్ను చూసి, "వదినా, మా బతుకులు నీ పిండి మీద పెట్టావు కదా" అన్నాడు.

"ఇన్నాళ్ళూ మీ అమ్మ ప్రాణం మీ తొట్టెల మీద ఉంది మరి" అన్నాను.

షెడ్డు వెనక సిమెంటుతో ఒక పెద్ద తొట్టి కట్టారు. కడిగిన నీళ్ళు అందులో నిలబడి, మడ్డి అడుక్కి దిగి, పైన తేరినవే బయటికి వెళతాయని మా ఆయన వివరించారు. అత్తగారు కర్ర పట్టుకుని వెళ్ళి దాన్ని తట్టి చూసి వచ్చారు. అన్నాళ్ళూ మొహం చిట్లించుకుని కుళాయి నీళ్ళే తాగారు.

అప్పుడే ఒక వింత జరిగింది. ఒక పొద్దున నేను సీసా పిల్లకి పిండి కలుపుతుంటే మా ఆయన వంటింట్లోకి వచ్చారు. కాఫీ కోసం కాదు. వచ్చి గట్టు పక్కన నిలబడ్డారు.

"రోజూ ఎన్ని నీళ్ళు పోస్తావు దీనికి?"

నేను చుట్టూ చూశాను, ఇంకెవరినైనా అడుగుతున్నారేమోనని. "అరగ్లాసు."

"ఒక్కసారిగా మొత్తం బావి నీళ్ళే పోసి పరీక్షిస్తే పాపం దానికి షాక్ కదా. నీళ్ళు బాగవుతున్నా అది చెప్పలేదు. ముందు అరగ్లాసులో ఒక్క చెంచా బావి నీళ్ళు కలిపి చూడు. తట్టుకుంటే రెండు. నీళ్ళు తేరుతున్నకొద్దీ పెంచుకుంటూ పో. అప్పుడు ఎంత బాగయ్యాయో నీకే తెలుస్తుంది."

'పాపం దానికి' అన్నారు. నేను జ్వరంతో పడుకున్నప్పుడు కూడా ఆ మాట ఆయన నోట వినలేదు. వంటింట్లో నిలబడి, నా సీసా గురించి, నాతో అన్ని వాక్యాలు ఒకేసారి మాట్లాడిన మనిషిని చూసి నాకు మతిపోయింది. మతిపోయిందని మాటవరసకి అనడం లేదు, నిజంగానే పోయింది. లేకపోతే ఆ సలహా ఏంటో నాకు అక్కడికక్కడే తెలియాలి. తెలియలేదు సరికదా, ఆ రోజు ఆయన ప్లేటులో బ్రెడ్డు ముక్క ఒకటి ఎక్కువ వేశాను.

చెంచాతో మొదలుపెట్టాను. పిల్ల ఒకపూట మొరాయించింది, మర్నాటికి లేచింది. రెండు చెంచాలు. మళ్ళీ కాస్త నసిగి, మళ్ళీ లేచింది. ఆయన రోజూ వచ్చి అడిగేవారు. "ఎలా ఉంది మీ పిల్ల?" నేను మూత తీసి చూపించేదాన్ని. అలా అలా అరగ్లాసూ బావి నీళ్ళయ్యాయి. సీసా అంచున లేతగా గోధుమరంగు చార ఒకటి పడింది. వాసన కూడా కొద్దిగా మారింది, కుళ్ళిన గుడ్డు ఎక్కడో దూరంగా ఉన్నట్టు. ఆ నెల పొట్టు ఎక్కువున్న పిండి కొన్నాను, దానివల్లే అనుకున్నాను. సంతోషంగా ఉన్న మనిషికి కారణాలు బాగా దొరుకుతాయి.

రెండో పరీక్ష రోజున అందరం బల్ల చుట్టూ చేరాం. ఈసారి రెండు గ్లాసులూ పోటీపడి పొంగాయి. మరిది ఈల వేశాడు. మా ఆయన గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, ఏమీ అనకుండా చూస్తున్నారు. అత్తగారు కొడుకుల వైపు చూడనే లేదు. నావైపే చూశారు.

"బాగున్నాయా అమ్మాయ్, నీళ్ళు?"

"బాగున్నాయి అత్తయ్యా" అన్నాను. గట్టిగా, నవ్వుతూ అన్నాను.

ఆవిడ కొంగు ముడి విప్పి తాళాలు మరిది చేతిలో పెట్టారు. మా ఆయన వెళ్ళి బావి నీళ్ళ జగ్గు తెచ్చి ఆవిడకి అందించారు. ఆవిడ గటగటా తాగి, మూతి తుడుచుకుని, "హమ్మయ్య, నోరు కడుక్కున్నట్టుంది" అన్నారు.

వాపులు తగ్గలేదు. పాదాల నుంచి పిక్కల దాకా పాకాయి. మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. కొత్త పరీక్షలు చూసి ఆవిడ మొహం ముడుచుకుంది. "నీళ్ళు ఆపలేదా?"

"కొన్నాళ్ళు ఆపాం. బాగయ్యాక మళ్ళీ మొదలుపెట్టాం. పరీక్ష చేశామండీ."

"ఎక్కడ?"

"ఇంట్లో. ఈస్టుతో."

డాక్టరమ్మ నా మొహంలో ఏదో రోగలక్షణం వెతుకుతున్నట్టు చూసింది, అంతే.

దారిలో అత్తగారు, "నోరంతా చేదుగా ఉంది, మెత్తటి బన్ను చెయ్యి అమ్మాయ్" అన్నారు. ఇంటికి వచ్చేసరికి సీసా పిల్ల ఆకలితో చప్పబడి ఉంది. దాన్ని లేపి తయారుచేసే ఓపిక లేక, దుకాణం నుంచి ఈస్టు పొట్లం తెప్పించాను. చేతికి దగ్గరగా ఆవిడ జగ్గు ఉంటే అందులో నీళ్ళే గోరువెచ్చగా కాచి, పంచదార వేసి, పొట్లం చల్లాను. నురుగు రాలేదు. పాత సరుకు అంటగట్టాడని దుకాణదారుని తిట్టుకుని, మిగిలిన పొట్లం కుళాయి నీళ్ళలో వేశాను. గిన్నె అంచు దాకా పొంగింది.

రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టుకుని నిలబడ్డాను. తర్వాత సీసా తీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాను. అంచున ఆ గోధుమరంగు చార ఇప్పుడు ముదిరి, మాడిన పంచదార పాకంలా ఉంది.

ఆ రంగు నాకు తెలుసు. కాలేజీలో ఆఖరి ఏడాది నేను చేసిన పని అదే. గాజు పళ్ళేల్లో ఈస్టు పెంచి, దాని తిండిలో రాగి కలిపేదాన్ని. మొదట రవ్వంత. బతికినవాటిని తీసి, ఇంకాస్త ఎక్కువ రాగి ఉన్న పళ్ళెంలో వేసేదాన్ని. లోహం లోపలికి వస్తే ఈస్టు కణం గంధకం ఉన్న చిన్న చిన్న పదార్థాలు తయారుచేసుకుంటుంది. అవి లోహాన్ని గట్టిగా పట్టుకుంటాయి. పట్టుకున్నదాన్ని కొంత తీసుకెళ్ళి కణం లోపలే ఉండే ఒక కొట్టుగదిలో పడేసి తలుపేస్తుంది. ఆ పని బాగా చేతనైనవి బతుకుతాయి, వాటి పిల్లలకి ఆ నేర్పు ఇంకా ఎక్కువ ఉంటుంది. తెల్లగా ఉండాల్సిన మచ్చలు గోధుమరంగుకి తిరుగుతాయి. చివరికి, ముత్తాతల్ని చంపిన మోతాదులో మునిమనవలు కాపురాలు చేసుకుంటాయి.

బావి ఏమీ మారలేదు. మారింది సీసా పిల్ల. మామూలు ఈస్టు చచ్చే నీళ్ళలో పొంగడం నేనే దానికి నేర్పాను, చెంచా చెంచాగా, మురిపెంగా. దాని మాట నమ్మి నేను మాటిచ్చాను, నా మాట నమ్మి ఆ ముసలావిడ తాగింది.

అక్కడిదాకా అది నా తెలివితక్కువతనమే. నన్ను నేను తిట్టుకుంటూ మళ్ళీ మొదటి నుంచీ తలుచుకున్నాను. చెంచా దగ్గర ఆగిపోయాను. చెంచా నాది కాదు.

ముందు మరిదిని అడిగాను. పెరటి గోడ మీంచి పిలిచాను. "ఆ సిమెంటు తొట్టి సంగతేంటి? మడ్డి ఎప్పుడు తీశారు?"

"మడ్డా?" అన్నాడు, తల గోక్కుంటూ. "అందులోకి నీళ్ళు పంపే గొట్టం ఇంకా వెయ్యలేదు వదినా. అన్నయ్య చూసుకుంటానన్నాడు. నీ పిండి పొంగిందిగా, ఇక దాని అవసరం లేదేమో అనుకున్నా."

ఆయన భోజనానికి వచ్చారు. అత్తగారు ముందు గదిలో కునుకు తీస్తున్నారు. నేను వంటింటి తలుపు దగ్గరికి వేశాను.

"ఏమండీ, చెంచా చెంచా పెంచమని మీకెలా తోచింది?"

"ఏ చెంచా?"

"సీసా పిల్లకి, బావి నీళ్ళు."

"అదా. ఏదో, మామూలుగా అన్నాను. ఎవరికైనా తోస్తుంది."

"చదువుకున్నదాన్ని, నాకే తోచలేదు."

ఆయన గట్టు మీదున్న రెండు గిన్నెల వైపు చూశారు. ఒకటి పొంగి ఉంది, ఒకటి లేదు. షెడ్డులో అన్ని మాటలు చెప్పే మనిషికి అప్పుడు అబద్ధం ఒక్కటీ దొరకలేదు, లేదా నా దగ్గర అంత శ్రమ అనవసరం అనుకున్నారు.

"నువ్వే చెప్పావు కదా" అన్నారు.

"నేనా? ఎప్పుడు?"

"పెళ్ళయిన కొత్తలో. మీ అక్కా వాళ్ళింటికి వెళ్తుంటే, బస్సులో. కిటికీ పక్క నువ్వు కూర్చున్నావు. గాజు పళ్ళేలు, రాగి, గోధుమరంగు, అదంతా. కొంచెం కొంచెంగా పెంచితే విషానికి కూడా అలవాటు పడుతుందన్నావు. బాగా చేశావని మీ మేడమ్ నీకు ఆకుపచ్చ పెన్ను ఇచ్చిందట కదా."

పెన్ను సంగతి నేనే మరిచిపోయాను.

ఆ బస్సులో నేను దారి పొడుగునా చెప్పాను. ఆయన బయటికి చూస్తూ కూర్చున్నారు. దిగేటప్పుడు, "సంచి పట్టుకో" అన్నది ఒక్కటే ఆయన మాట. ఆ రోజునే నేను నిశ్చయించుకున్నాను, ఈయనకి నా చదువు గోడకి చెప్పినట్టేనని. ఇన్నేళ్ళు ఆ బాధ మోశాను. ఇంకెప్పుడైనా, ఇంకే సందర్భంలోనైనా ఆయన నోట ఆ పెన్ను మాట వచ్చి ఉంటే, నేను ఈ ఇంట్లో ఇంకో వందేళ్ళు అంట్లు తోముకుంటూ బతికేదాన్ని.

"అది రాగి" అన్నాను. "ఇక్కడ కాడ్మియం కూడా ఉంది. అది ఒంట్లోంచి పోదు. మీ అమ్మ తాగుతోంది."

"ఒక్క ఏడాది గడిస్తే చాలనుకున్నా. నీళ్ళు శుద్ధి చేసే యంత్రం వస్తుంది. ఈలోగా తాళం పడితే షెడ్డు మళ్ళీ తెరుచుకోదు. అమ్మ ఎలాగూ కుళాయి నీళ్ళకి అలవాటు పడిపోయిందనుకున్నా."

"జగ్గు అందించింది మీరేగా."

ఆయన చాలా నెమ్మదిగా, సరుకు వెనక్కి పంపిన మనిషికి నచ్చజెబుతున్నట్టు అన్నారు. "బాగున్నాయని నేనన్నానా? నువ్వన్నావు. నేను ఒక్క మాటైనా అన్నానా?"

అనలేదు. గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని ఉన్నారు. ఉన్న మాటలన్నీ నావే.

"అమ్మకి చెప్పకు" అన్నారు మళ్ళీ. "రేపటి నుంచి కుళాయి నీళ్ళే తాగేలా నేనే ఏదో సర్దుతా. బావి మోటారు పాడైందంటే సరి. చెబితే నీ మాట కూడా పోతుంది కదా. నీకోసమే అంటున్నా."

నాకోసమే. నిజానికి అది తేలికైన దారి. ఆవిడ ఆ నీళ్ళు మానేస్తారు, నా పరువు నిలుస్తుంది, షెడ్డు నడుస్తుంది. ఇలాంటివి పెట్టుకోవడానికి నాలో కూడా ఒక కొట్టుగది ఉంది. కొత్తదేమీ కాదు, చాలా ఏళ్ళుగా వాడుకలోనే ఉంది. నాకు ఉద్యోగానికి పిలుపు వచ్చిందని చెబితే ఇంట్లో ఎవరూ పలకకపోవడం అందులోనే ఉంది, బస్సు ప్రయాణం అందులోనే ఉంది. తలుపేసేస్తే మళ్ళీ మామూలుగా పొంగొచ్చు. అందరూ మెచ్చుకునేలా పొంగొచ్చు. కానీ లోపల పెట్టిన విషం ఎక్కడికీ పోదు. ఈస్టు దాన్ని దాచుకుని తాను బతుకుతుంది, దాన్ని తిన్నవాడికి అది అంతా ముడుతుంది. ఆ సీసాతో చేసిన బ్రెడ్డు అత్తగారికి రోజూ పొద్దున నేనే పెట్టాను.

నేను తలుపు తీసి, రెండు గిన్నెలూ పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాను. అత్తగారు లేచి కూర్చుని ఉన్నారు.

"బన్ను ఏదమ్మాయ్?"

"బన్ను లేదత్తయ్యా. ఇవి చూడండి." గిన్నెలు స్టూలు మీద పెట్టాను. "కొత్త ఈస్టు. ఇది కుళాయి నీళ్ళలో పొంగింది. ఇది మీ జగ్గులో నీళ్ళు."

ఆవిడ రెండింటినీ చూశారు. గ్లాసుని తిప్పినట్టే గిన్నెని కూడా అటూ ఇటూ తిప్పారు. "మరి మన పిల్ల పొంగిందిగా? అబద్ధమాడిందా?"

"లేదు. అది ఆ విషానికి అలవాటు పడింది. నీళ్ళు బాగవలేదు. అలవాటు చేసింది నేనే. నాకు తెలియాల్సింది, తెలుసుకోలేదు."

"నీ మాట మీద తాగానమ్మాయ్" అన్నారు ఆవిడ.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది, ఏదో ఒకటి ఎదురు చెప్పేదాన్ని. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. వంటింటి గుమ్మంలో మా ఆయన నీడ వచ్చి ఆగింది. అత్తగారికి కళ్ళు మసకేగానీ నీడలు బాగానే కనిపిస్తాయి.

"ఇది నీకొక్కదానికే తెలియలేదా? లేక ఎవరికైనా తెలిసి జరిగిందా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. అది నాకు చేసిన సైగ. నేను ఆయన వైపు తిరగలేదు.

"మీ పెద్దబ్బాయికి తెలుసు" అన్నాను. "మొదటి చెంచా నుంచీ."

గోడ అవతల షెడ్డులో మోటారు ఆడుతూనే ఉంది. అత్తగారు జగ్గు దగ్గరికి లాక్కుని, మూత తీసి లోపలికి చూశారు. అద్దంలాగే ఉన్నాయి నీళ్ళు.

"పెద్దోడా."

"అమ్మా, అది కాదు..."

"చిన్నోడి దగ్గర తాళాలున్నాయి. వెళ్ళి షెడ్డు మూసి రా. నువ్వే వెయ్యి, వాడి చేత వేయించకు. వేశాక తాళాలు నాకివ్వకు." ఆవిడ నావైపు చెయ్యి చూపించారు. "దానికివ్వు."

అది నామీద నమ్మకం కాదని నాకు తెలుసు. ఇంట్లో మిగిలినవాళ్ళలో తక్కువ తప్పు చేసినదాన్ని ఎంచుకున్నారు, అంతే.

ఆయన వెళ్ళారు. కాసేపటికి మోటారు ఆగింది. పట్టపగలు ఆ మోత లేని ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి విన్నాం.

మర్నాడు ఒక చేత్తో బావి నీళ్ళ సీసా, ఇంకో చేత్తో మూత బిగించిన సీసా పిల్ల పట్టుకుని ల్యాబుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు నీళ్ళు తీసుకుని, పిండి సీసాని అనుమానంగా చూశాడు. "ఇదెందుకండీ?" ఎందుకో చెప్పాను. మొత్తం విన్నాడు. ఎవరైనా నా మాట శ్రద్ధగా వింటుంటే నాకిప్పుడు కాస్త భయం వేస్తుంది. మా ఆయన చెప్పినట్టే వాళ్ళు ముందు షెడ్డుకి వచ్చారు, తర్వాత బావికి వచ్చారు. బావికి రేకు మూత బిగించి వెళ్ళారు. మరిది ఇప్పుడు వేరే వాళ్ళ షెడ్డులో పనిచేస్తున్నాడు. అక్కడ కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయో మొదటి రోజే అడిగాడట.

అత్తగారి మూత్రపిండాలు మునుపటిలా కావని డాక్టరమ్మ చెప్పింది. ఇంకా పాడవకుండా చూసుకోవాలట. పొద్దున్నే జగ్గు పెడుతూనే ఉన్నాను, కుళాయి నీళ్ళతో. ఆవిడ మునుపటిలా గటగటా తాగరు. గ్లాసు చేతికి తీసుకుని, "ఎక్కడివమ్మాయ్?" అని అడుగుతారు. "కుళాయివి అత్తయ్యా" అంటాను. వంటింట్లోంచి కుళాయి చప్పుడు ఆవిడకి వినబడేలా గట్టిగా తిప్పుతాను. అయినా మర్నాడు మళ్ళీ అడుగుతారు. అడగని రోజు ఒకటి వస్తుందేమోనని చూస్తున్నాను.

మా ఆయనకి ఇప్పుడు బోలెడంత తీరిక. ఇంట్లోనే ఉంటారు. వంటింట్లోకి వచ్చి, మునుపు నిలబడిన చోటే, గట్టు పక్కన నిలబడతారు. అక్కడ సీసా ఉండే చోటు ఖాళీగా ఉంది. నిన్న నేను కూరగాయలు తరుగుతుంటే చాలాసేపు చూసి, మెల్లగా అడిగారు.

"ఏంటి, ఏదో ఆలోచిస్తున్నావు. చెప్పు, వింటాను."

కత్తిపీట పక్కకి జరిపి, ముక్కలు గిన్నెలో వేసి, కిటికీలోంచి బయటికి చూశాను.

"రేపు కూడా ఎండేనట" అన్నాను.